ఆఫ్‌రోడ్ బండి షాక్ అబ్జార్బర్లు ఎన్నాళ్లు వస్తాయి? లెక్క, తనిఖీ, మార్పిడి

షాక్‌లు ఎన్ని వేల కిలోమీటర్లు వస్తాయని అడిగితే ఒక్క అంకె చెప్పేవాళ్లను నమ్మకండి. అదే బండి, అదే షాక్ ఒకరి దగ్గర 80 వేలు దాటుతుంది, ఇంకొకరి దగ్గర 20 వేలకే నూనె కక్కుతుంది. తిరిగే బాట, నడిపే వేగం, ఎక్కించే బరువు, ఈ మూడింటిని బట్టే దాని ఆయుష్షు.

థార్, జిమ్నీ, బొలెరో, గుర్ఖా లాంటి బండ్లను మట్టిబాటల్లో, ఏజెన్సీ రోడ్లలో, క్వారీల్లో తిప్పేవాళ్ల కోసం ఈ వివరాలు. చివరిదాకా ఒకసారి చదివాకే పానా పట్టుకోండి.

## 1. ముందు మీ బండి లెక్క తేల్చుకోండి

బండి ఊగే ఊపును వేడిగా మార్చి గాలిలోకి వదలడమే షాక్ పని. లోపల నూనెలో పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది. దాని సన్నటి రంధ్రాల్లోంచి నూనె దూరేటప్పుడు వేడి పుడుతుంది. షాక్‌ను తినేసేది ఆ వేడి, ఆ ఆటల సంఖ్యే.

అడ్డంగా అలల్లా లేచిన మట్టిరోడ్డు తీసుకోండి. అల నుంచి అలకు 60 సెం.మీ. అనుకుంటే, ఒక్క కిలోమీటరులో ప్రతి షాక్ 1,600 సార్లకు పైగా ఆడాలి. 50 కి.మీ. వేగంలో వెళ్తే సెకనుకు దాదాపు 23 సార్లు. అరగంట అలా తోలితే నూనె మరుగుతున్నట్టు అయిపోతుంది, నురగ కడుతుంది, పిస్టన్‌కు పట్టు ఉండదు. బండి తేలుతున్నట్టు అనిపించేది అప్పుడే.

రాళ్ల మీద లో రేంజ్ (నాలుగు చక్రాల డ్రైవ్‌లో వేగం తగ్గించి బలం పెంచే గేరు వరుస) మొదటి గేరులో పాకే బండి చూడ్డానికి భయం పుట్టిస్తుంది కానీ షాక్‌కు అది పెద్ద కష్టం కాదు. పిస్టన్ నెమ్మదిగా కదులుతుంది కాబట్టి వేడి తక్కువ. అక్కడ దెబ్బ తగిలేది బుష్‌లకు (బోల్టు చుట్టూ ఉండే రబ్బర్లకు), బోల్టులకు, షాక్ ఒంటికి.

ఓడోమీటర్ ఈ తేడా చూపించదు. అందుకని ఒక మోటు లెక్క పెట్టుకోండి:

- మంచి తారు రోడ్డు: 1 కి.మీ.కు 1
- గతుకుల తారు, మామూలు మట్టిరోడ్డు: 1 కి.మీ.కు 2
- అలల మట్టిరోడ్డు మీద వేగంగా, లేదా నిండు లోడుతో గుంతల్లో: 1 కి.మీ.కు 4
- లో రేంజ్‌లో పాకుడు: గంటకు 20

నెలకు 600 కి.మీ. తారు, 300 మట్టిరోడ్డు, 100 లోడుతో గుంతలు అనుకోండి. మీటరు మీద 1,000. షాక్ మీద 600 + 600 + 400, అంటే 1,600. ఈ రెండో లెక్క 80,000 చేరేసరికి మీటరు 50,000 దగ్గర ఉంటుంది. షాక్‌లు పారేయమని కాదు, అక్కడి నుంచి ప్రతి నెలా తనిఖీ చేయమని.

బండితో వచ్చిన షాక్‌ల విషయంలో మామూలుగా కనిపించేది ఇది:

- ఎక్కువగా తారు, అప్పుడప్పుడూ మట్టి: 50 నుంచి 80 వేల కి.మీ.
- రోజూ ఏజెన్సీ లేదా పొలం రోడ్లు: 30 నుంచి 40 వేలు
- లోడు, రూఫ్ ర్యాక్, ఇనుప బంపర్, వించ్, పైగా గట్టి ఆఫ్‌రోడింగ్: 15 నుంచి 25 వేలు

విప్పి నూనె, సీల్ మార్చుకునే ఖరీదైన మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉన్న) షాక్‌ల లెక్క వేరు. వాటికి ఆయుష్షు కాదు, సర్వీసు గడువు ఉంటుంది. గట్టిగా వాడితే ఏడాదికోసారి విప్పించాలి. ఆ ఖర్చు కలుపుకోకుండా కొని తర్వాత వాపోయేవాళ్లు చాలామంది.

## 2. తనిఖీకి కావలసినవి

- జాకీ, రెండు యాక్సిల్ స్టాండ్లు, చక్రాలకు అడ్డం పెట్టే దిమ్మెలు
- టార్చి, పాత గుడ్డ, గట్టి కుచ్చు బ్రష్
- ఒకటిన్నర అడుగు గడ్డపలుగు లేదా టైరు లివర్
- ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ (లేకపోయినా పని ఆగదు)
- సన్నటి ప్లాస్టిక్ జిప్ టైలు
- కొలతల టేపు, సుద్దముక్క

కిందికి దూరే ముందు బండిని కడిగి ఆరనివ్వండి. బురద మీద నూనె జాడ కనిపించదు.

## 3. తనిఖీ, ఈ వరుసలోనే

3.1 చదునైన నేల మీద నిలబెట్టి ఎత్తు కొలవండి. చక్రం నడిబొడ్డు నుంచి ఫెండర్ అంచుదాకా నాలుగు మూలలా కొలిచి రాసుకోండి. ఒక మూల 15 మి.మీ. కన్నా ఎక్కువ దిగితే అనుమానం స్ప్రింగు మీద, కమాను కట్టల మీద. షాక్ మీద కాదు.

3.2 టైర్లను అరచేత్తో తడమండి. చుట్టూ తిప్పుతుంటే ఎత్తుపల్లాలు తగిలితే, అంటే అక్కడక్కడా గిన్నెల్లా అరిగితే, ఆ చక్రం నేలను వదిలి ఎగిరెగిరి పడుతోందని అర్థం. కంటికి కనిపించకముందే చేతికి తెలుస్తుంది. వీల్ బ్యాలెన్స్ లేకపోయినా ఇలాగే అరుగుతుంది కాబట్టి అదీ చూపించుకోండి.

3.3 నూనె జాడ. షాక్ పైభాగాన పలచటి తేమ, దానికి అంటిన దుమ్ము ఉంటే కంగారు పడొద్దు. రాడ్ ఆడేటప్పుడు సీల్ కాస్త నూనె తడి వదులుతుంది. గుడ్డతో తుడిచి 200 కి.మీ. తిప్పి మళ్లీ చూడండి. మళ్లీ తడిసి, ధారలా కిందికి కారితే సీల్ పోయినట్టే.

3.4 రాడ్. డస్ట్ కవర్ జరిపి వెలుగులో చూడండి. క్రోమ్ అద్దంలా ఉండాలి. గోరు తగిలేంత గీత ఉన్నా, తుప్పు చుక్కలున్నా సీల్‌ను అది రంపంలా కోసేస్తుంది. ఇవాళ కారకపోయినా వచ్చే వానాకాలానికి కారుతుంది. సముద్రపు ఒడ్డు ఊళ్ల బండ్లలో ఇది ముందే వస్తుంది.

3.5 ఒంటి మీద సొట్టలు. ట్విన్‌ట్యూబ్ షాక్‌లో పిస్టన్ ఆడేది లోపలి గొట్టంలో. బయటి గొట్టానికి చిన్న సొట్ట పడినా చాలాసార్లు పని చేస్తుంది. మోనోట్యూబ్‌లో పిస్టన్ నేరుగా బయటి గొట్టం గోడనే రాసుకుంటూ వెళ్తుంది. దానికి సొట్ట పడితే అక్కడ పట్టేస్తుంది, మార్చక తప్పదు.

3.6 బుష్‌లు. గడ్డపలుగును షాక్ కంటికీ (కొసన బోల్టు దూరే వలయానికీ) బ్రాకెట్‌కూ మధ్య పెట్టి మెల్లగా ఎత్తండి. రబ్బరు కాస్త లొంగాలి, లోపలి ఇనుప గొట్టం టకటకలాడకూడదు. రబ్బరు చీలినా, పక్కకు ఊడొచ్చినా బుష్ మార్చండి. షాక్ బాగుంటే దాన్ని కదపక్కర్లేదు.

3.7 బంప్ స్టాప్. ఎక్కువమంది చూడనిది ఇదే. రబ్బరు దిమ్మె ఊడిపోయిన బండిలో పెద్ద గుంత దెబ్బ అంతా షాక్ అడుగున పడుతుంది. కొత్త షాక్ వేసినా నాలుగు ట్రిప్పుల్లో పోతుంది.

3.8 వేడి పరీక్ష. అన్నింటికన్నా నమ్మదగ్గది. గతుకుల రోడ్డులో 10, 15 కి.మీ. నడిపి, ఆగీ ఆగగానే నాలుగు షాక్‌ల ఒంటి నడుమ థర్మామీటర్ గన్‌తో చూడండి. ఒకే యాక్సిల్ మీది రెండూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకటి వేడిగా, రెండోది చల్లగా ఉంటే పోయింది చల్లగా ఉన్నదే, వేడి పుట్టించే పని అది చేయడం లేదు. సైలెన్సర్ గొట్టం పక్కనున్న షాక్ ఊరికే వేడెక్కుతుంది, అది లెక్కలోంచి తీసేయండి. గన్ లేకపోతే చేతి వెనకభాగం దగ్గరికి తీసుకెళ్లి చూడండి, పట్టుకోకండి. కాలుతుంది.

బానెట్ మీద చేతులాన్చి నొక్కి, ఎన్నిసార్లు ఊగిందో చూసే పరీక్ష పూర్తిగా చచ్చిపోయిన షాక్‌ను మాత్రమే పట్టిస్తుంది. గట్టి స్ప్రింగులున్న జీపును మనిషి బరువు ఎంత నొక్కగలదు? సగం అరిగిన షాక్ ఈ పరీక్షలో పాసైపోతుంది.

## 4. షాక్ తప్పు కానివి షాక్ మీద వేయకండి

- బండి వెనక దిగిపోయింది. ఎత్తు నిలిపేది స్ప్రింగు, కమాను కట్టలు. షాక్‌లు మార్చినా ఎత్తు రాదు.
- చిన్న గతుకులకు కటకట. ముందు షాక్ బోల్టులు బిగించి చూడండి, తర్వాత బుష్, ఆ తర్వాత స్టెబిలైజర్ లింకు (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీని కలిపేది).
- జిమ్నీ లాంటి ఘన యాక్సిల్ (రెండు చక్రాలనూ ఒకే ఇరుసు కలిపే) బండిలో 60, 70 వేగం దగ్గర స్టీరింగ్ గిలగిల. వీల్ బ్యాలెన్స్, కింగ్‌పిన్ బేరింగులు (ముందు చక్రం పక్కకు తిరిగే కీలు దగ్గరివి), పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకు జరగకుండా పట్టే కడ్డీ) బుష్ చూడాలి. కొత్త స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్‌కు ఉండే చిన్న షాక్) వేస్తే వణుకు కొన్నాళ్లు దాక్కుంటుంది, పోదు.
- గుంతలో ఢామ్మని అడుగు తగలడం. లోడు ఎక్కువో, కమాను అణిగిందో, బంప్ స్టాప్ ఊడిందో.

బ్రేకు వేస్తే ముక్కు బాగా దిగి, వదిలాక రెండు మూడుసార్లు ఊగడం. ఘాట్ మలుపులో గతుకు తగిలితే వెనక భాగం పక్కకు జరగడం. స్పీడ్ బ్రేకర్ దాటాక పడవలా తేలడం. ఇవి మాత్రం షాక్ లక్షణాలే.

## 5. కొనేముందు కొలత

ఎత్తు పెంచని బండికి కొలత అక్కర్లేదు. పార్ట్ నంబరు సరిచూసుకుంటే చాలు. 2 అంగుళాలు, అంటే సుమారు 50 మి.మీ. లేపిన బండికి కొలవకుండా కొనడం డబ్బు బురదలో పోయడమే.

పొట్టి షాక్ వేస్తే చక్రం వేలాడిన ప్రతిసారీ రాడ్ పూర్తిగా సాగి లోపల టంగుమని కొట్టుకుంటుంది. పొడుగుది వేస్తే బంప్ స్టాప్ కన్నా ముందే షాక్ అడుగు తగులుతుంది. రెండోది మరీ ప్రమాదం, బ్రాకెట్ వెల్డింగే చీలిపోవచ్చు.

కొలిచే పద్ధతి, ఒక ఉదాహరణతో:

1. బండి నేల మీద మామూలుగా నిలిచినప్పుడు పై బోల్టు మధ్య నుంచి కింది బోల్టు మధ్యకు కొలవండి. 450 మి.మీ. అనుకుందాం.
2. బంప్ స్టాప్‌కూ అది తగిలే చోటుకూ మధ్య ఖాళీ కొలవండి: 80 మి.మీ.
3. బంప్ స్టాప్ రబ్బరు సుమారు సగం నలుగుతుంది. 60 మి.మీ. రబ్బరు అయితే 30.
4. 450 − 80 − 30 = 340. చక్రం పూర్తిగా పైకి లేచినప్పుడు షాక్‌కు మిగిలే చోటు ఇది.
5. ఇందులోంచి 10 నుంచి 15 మి.మీ. వదిలేయండి. పూర్తిగా మూసుకున్న పొడవు 325 నుంచి 330 లోపు ఉన్న షాక్ కావాలి.
6. సాగే పొడవు కోసం బండిని ఛాసిస్ దగ్గర లేపి యాక్సిల్‌ను వేలాడదీసి కొలవండి. బ్రేక్ గొట్టం, ఏబీఎస్ తీగ బిగిసేలోపే ఆపాలి.

షాక్ ఏటవాలుగా ఉంటే చక్రం లేచినంతా షాక్ నలగదు. నిలువుకు 30 డిగ్రీలు ఒరిగితే, చక్రం 100 మి.మీ. లేచినప్పుడు షాక్ దాదాపు 87 మి.మీ. నలుగుతుంది. పై లెక్కలో నిలువు చొప్పున తీసేశాం కాబట్టి మీకు కాస్త అదనపు జాగా మిగులుతుంది, నష్టం లేదు.

లిఫ్ట్ విషయంలో ఒక మాట. ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. రవాణా శాఖ దగ్గర, బీమా క్లెయిమ్ దగ్గర చిక్కు రావచ్చు. ముందే కనుక్కోండి.

పాత షాక్‌కు రంధ్రం వేసి నూనె నింపి వెల్డింగ్ చేసి ఇస్తామనేవాళ్లు హైవే పక్కన దొరుకుతారు. వద్దు. లోపల ఒత్తిడితో నింపిన గ్యాస్ పోయి ఉంటుంది, నూనె చిక్కదనం సరిపోదు, వెల్డింగ్ వేడికి సీల్ ఉడికిపోతుంది. గ్యాస్ ఇంకా మిగిలి ఉన్న షాక్‌కు నిప్పు పెడితే పేలే ప్రమాదం కూడా ఉంది.

ఎప్పుడూ జతగానే మార్చండి. ముందు రెండూ లేదా వెనక రెండూ. ఒక్కటే కొత్తదైతే గతుకు మీద బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

## 6. మార్పిడి: షాక్ విడిగా ఉన్న యాక్సిల్‌కు

బొలెరో వెనక కమాను కట్టల పక్కన, జిమ్నీలో కాయిల్ స్ప్రింగు పక్కన షాక్ విడిగా ఉంటుంది. ఇది ఇంట్లో చేసుకోవచ్చు. 2020 తర్వాతి థార్ ముందు చక్రాల్లో స్ప్రింగు షాక్ చుట్టూనే ఉంటుంది. ఆ స్ప్రింగు నొక్కే పని తెలిసిన వర్క్‌షాపుకే వదిలేయండి. జారిన స్ప్రింగు దవడ పగలగొడుతుంది.

ముందురోజు రాత్రి: బోల్టుల మీది మట్టి బ్రష్‌తో రాల్చి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి. పొద్దున ఇంకోసారి కొట్టండి.

1. చదునైన గట్టి నేల. హ్యాండ్ బ్రేక్, గేరు, తీయని చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు.
2. చక్రం నట్లు నేల మీద ఉండగానే వదులు చేసి, బండిని లేపి ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టండి.
3. జాకీని యాక్సిల్ కింద పెట్టి కొంచెం ఎత్తి పట్టుకోండి. ఈ మెట్టు దాటేయకూడదు. చాలా బండ్లలో యాక్సిల్ కిందికి జారకుండా ఆపేది షాకే. విప్పగానే యాక్సిల్ పడి బ్రేక్ గొట్టాన్ని లాగేస్తుంది, కాయిల్ స్ప్రింగు గిన్నెలోంచి ఊడి వస్తుంది.
4. కింది బోల్టు ముందు, తర్వాత పైది. వాషర్లు, రబ్బర్లు తీసిన వరుసలోనే గుడ్డ మీద పేర్చి ఫోటో తీసుకోండి.
5. పైన నట్టు తిరుగుతుంటే రాడ్ కూడా తిరుగుతోందా? రాడ్ కొసన పలకలు ఉంటాయి, వాటిని చిన్న పానాతో పట్టుకోండి. క్రోమ్ రాడ్‌ను ప్లయర్‌తో పట్టుకుంటే కొత్త సీల్‌కు ఆనాడే నూకలు చెల్లినట్టు.
6. కొత్త షాక్‌ను ఆడించండి. అట్టపెట్టెలో పడుకోబెట్టి ఉంచిన ట్విన్‌ట్యూబ్ షాక్ లోపలి గొట్టంలోకి గాలి చేరుతుంది. బిగించే తీరులో నిలబెట్టి పూర్తిగా లాగండి, తలకిందులు చేసి పూర్తిగా నొక్కండి. ఐదుసార్లు. మొదట్లో ఖాళీగా జారే చోటు తగులుతుంది, చివరికి అంతటా ఒకే బిగువు రావాలి. మోనోట్యూబ్‌కు ఇది అక్కర్లేదు.
7. ట్విన్‌ట్యూబ్‌ను తలకిందులుగా బిగించకండి. లావు ఒళ్లు కిందికే.
8. పై బోల్టు ఎక్కించి, జాకీతో యాక్సిల్‌ను పైకీ కిందికీ సర్ది కింది రంధ్రం కలపండి. సుత్తితో కొట్టి కలపొద్దు. రబ్బరుకు సబ్బు నీళ్లు రాయండి. గ్రీజు, ఇంజన్ ఆయిల్ మామూలు రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి.
9. కంటి బోల్టులను చేతి బిగువు వరకే బిగించి, చక్రాలు వేసి, బండిని నేల మీదికి దించండి. బరువు పడ్డాకే సర్వీసు మాన్యువల్‌లోని టార్క్‌కు (చెప్పిన బిగువు కొలతకు) బిగించండి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు ఆ స్థితిలో పట్టుకుంటుంది, నేల మీదికి దిగగానే మెలిపడుతుంది, కొన్ని వేల కిలోమీటర్లకే చీలుతుంది. కొత్త బుష్‌లు త్వరగా పోవడానికి మొదట అనుమానించాల్సింది దీన్నే.
10. పైన రాడ్ నట్టు రకమైతే రబ్బరు ఉబ్బి వాషర్ అంచుదాకా వస్తే చాలు. ఇంకా బిగిస్తే రబ్బరు నలిగిపోతుంది.

దించే ముందు చూడండి:

- బ్రేక్ గొట్టం మెలి పడలేదు, షాక్‌కు రాసుకోవడం లేదు
- ఏబీఎస్ తీగ దాని క్లిప్పుల్లోనే ఉంది
- స్ప్రింగు కొస దాని గిన్నెలో సరిగా కూర్చుంది
- గుడ్డ మీద వాషరు ఒక్కటి కూడా మిగల్లేదు

100 కి.మీ. తర్వాత ఒకసారి, మొదటి ఆఫ్‌రోడ్ ట్రిప్పు తర్వాత ఇంకోసారి బోల్టులు సరిచూడండి. నట్టు మీద సుద్దతో గీత గీస్తే కదిలిందో లేదో పానా లేకుండానే తెలుస్తుంది.

రాడ్ బయటికి కనిపించే షాక్ అయితే దానికి జిప్ టై బిగువుగా చుట్టి ఒక ట్రిప్పు తిరగండి. అది జరిగి ఆగిన చోటు షాక్ ఎంతవరకు నలిగిందో చెబుతుంది. కొసదాకా జరిగిందంటే బంప్ స్టాప్ లెక్క మళ్లీ చూసుకోవాలి. తర్వాత టై కత్తిరించేయండి.

## 7. అడవి మధ్యలో షాక్ పోతే

మారేడుమిల్లి ఘాట్‌లోనో, పాడేరు లోపలి రోడ్లలోనో మెకానిక్ దొరకడు. అప్పుడు:

- మెత్తబడింది, కారడం లేదు: వేడెక్కింది. 20, 30 నిమిషాలు ఆపండి. నీళ్లు పోయకండి. మళ్లీ బయలుదేరినప్పుడు వేగం సగం చేయండి.
- నూనె కారుతోంది: విప్పొద్దు. 30, 40 వేగంలో రోడ్డుకు చేరండి. నూనె బ్రేక్ డిస్క్ మీద, టైరు మీద పడటం లేదని చూడండి.
- కన్ను విరిగి వేలాడుతోంది: పూర్తిగా విప్పి వెనక పడేయండి, లేకపోతే బ్రేక్ గొట్టాన్ని పొడుస్తుంది. కాయిల్ స్ప్రింగు బండి అయితే రాచెట్ పట్టీతో యాక్సిల్‌ను ఛాసిస్‌కు వదులుగా కట్టండి. చక్రం ఆడాలి, స్ప్రింగు ఊడేంత జారకూడదు.

## 8. ఆయుష్షు పెంచేవి

మట్టిలోకి దిగినప్పుడు నెమ్మదిగా వెళ్లే చోట టైరు గాలి 18 నుంచి 22 పీఎస్‌ఐకి దించితే చిన్న గతుకులను టైరే మింగుతుంది. తారు ఎక్కే ముందు తిరిగి నింపాలి. చిన్న కంప్రెసర్ బండిలో ఉండాల్సిందే.

ట్రిప్పు నుంచి వచ్చిన రోజే షాక్‌లు కడగండి. నల్లరేగడి ఎండితే డస్ట్ కవర్ లోపల సిమెంటులా గడ్డకడుతుంది, రాడ్ ఆడిన ప్రతిసారీ గరుకు కాగితంలా గీస్తుంది. ప్రెషర్ వాషర్ ముక్కును మాత్రం సీల్ మీదికి నేరుగా పెట్టకండి, మట్టిని లోపలికి తోస్తుంది. పైపు నీళ్లు, బ్రష్ చాలు.

రూఫ్ ర్యాక్ మీది జెర్రీ డబ్బాలు, వాడని స్పేర్లు దించేయండి. వారాంతపు ట్రిప్పు బరువును ఏడాదంతా మోయించడం ఎందుకు?

విప్పిన పాత షాక్‌ల్లో కారనిది, సొట్ట లేనిది ఒకటుంటే తుడిచి, దాని బోల్టు, వాషర్లతో సంచిలో వేసి బండి వెనక పెట్టుకోండి. కారినవాటిని పాత ఇనుము కొట్టుకు ఇచ్చేటప్పుడు లోపల గ్యాస్ ఉందని, కట్టర్ పెట్టొద్దని చెప్పి ఇవ్వండి.